పెన్న తీరపు తంగేడు

ప్రొద్దుటూరు నుండి పెన్న ఒడ్డున నున్న జమ్మలమడుగునకును, అటనుండి గండికోటకును, పిమ్మట ముద్దనూరు మీదుగా పులివెందులకును పోవుట ఒక్క దినమున ముగియు ప్రయాణమే. అయినను వానలు వెలిసిన కార్తీకమున ఆ త్రోవ పట్టినవాడు గుట్టల పాదములందును, చేని గట్లమీదను, బీళ్ళయందును బంగరు వన్నెతో విరగబూచిన తంగేటి పొదల యెదుట మాటిమాటికి నిలువక పోజాలడు. గండికోటకు వచ్చువారి చూపులు మాత్రము, 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలియవచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే నాటినుండియు, బురుజుల మీదనే నిలిచిపోవుచున్నవి. ఆ రాతిగోడలకంటె ఈ సీమ బ్రతుకునకు చేరువగా మెలగిన పొదకును చరిత్ర కలదని తలచువారు అరుదు.

1753లో వృక్షశాస్త్రజ్ఞుడు లినేయసు శాస్త్రనామ మొసగిన ఈ మొక్కకు ప్రఖ్యాతి తెచ్చినది పూవు కాదు, బెరడు. అందు నూటికి ఇంచుమించు 18 పాళ్ళు తోలును పదును చేయు వగరు ద్రవ్య ముండును. రెమ్మలు నరికి, బెరడు నొలిచి, యెండబెట్టి, దంచి లందలను తొట్లలో ఊరవేసి, సున్నపునీట నానిన పిదప వెండ్రుకలు గీచివేసిన తోళ్ళను ఆ కషాయమున దినముల తరబడి మార్చి మార్చి ముంచుచు, రంగును, వాసనను, వ్రేలి క్రింది మెత్తదనమును బట్టి పాకము నెఱిగిన మాదిగ చర్మకారుల చేతిలోనే పచ్చితోలు బావినీటిని తోడు కపిలబాన యైనది. ఏరు లెండిపోవు ఈ మెట్టసీమలో ఎద్దులు వాలుదారిని దిగుచుండగా ఆ బాన పైకెక్కి, తొండము గుండ కాలువలోనికి నీటిని క్రుమ్మరించెడిది. కంటికింపైన పొదయే బావినీటిని చేనికి తెచ్చినది. అంతటి విద్యకు గ్రామము కళ్ళమున మేరగా కొలిచి యిచ్చినది కొంత ధాన్యము. ఆ విద్య నెఱిగినవారికి నివాసము ఊరి వెలుపల. ఈ కథలో నన్ను మిక్కిలి బాధించునది ఇదియే.

మద్రాసు రాజధానిలో పదునుపెట్టిన తోళ్ళు పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండగా తంగేటి బెరడునకు గిరాకి పెరిగినది. 1914-18 మహాసంగ్రామమున సైనికుల బూట్లకై ఆ తోళ్ళ వ్యాపారమును ప్రభుత్వమే చేపట్టినది. కాని దక్షిణాఫ్రికా నుండి దిగుమతియైన వాటిల్ బెరడును, ఆంగ్ల ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ మద్రాసున ప్రోత్సహించిన, క్రోముతో తోలును పదునుచేయు పద్ధతియు తంగేటిని వెనుకకు నెట్టినవి. ఆ మీదట ఆయిలు ఇంజను, కరెంటు మోటారు వచ్చి కపిలకును సెలవిచ్చినవి.

తెలంగాణమున బతుకమ్మపై కొలువుదీరిన ఈ పూవు 2014లో ఆ రాష్ట్ర పుష్పమైనది. ఈ పెన్న సీమలో అట్టి గౌరవము దానికి లేదు. ఆకు పచ్చిరొట్టగా మళ్ళలో త్రొక్కబడుట దాని మిగిలిన ఉపయోగములలో ఒకటి. పశువులు సాధారణముగ దానిని మేయవు, బెరడునకై కత్తి పట్టువారును లేరు. నేటి యాత్రికుడు చూచి మురియు ఆ నిండుపూతలో కొంత, ఆ బెరడు వర్తకము అంతరించిన ఫలమే యని నా తలంపు.