నౌకాబలాన్ని నమ్ముకున్న రాజ్యాలు: బందరు రేవు నుంచి దత్త మండలాల దాకా

మార్కాపురం ప్రాంతానికి సముద్రం ఆనదు. అయినా 1800లో ఈ నేల ఈస్టిండియా కంపెనీ చేతికి ఎందుకు వెళ్లిందో వెతుక్కుంటూ పోతే బందరు రేవులో తేలుతాం. పరదేశపు నౌకాబలాన్ని నమ్ముకున్న ప్రాంతీయ రాజ్యానికి దక్కే భద్రత ఎంత, దాని ఖర్చు మోసేదెవరు అన్నదే ఇక్కడి ప్రశ్న.

ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో 1751లో సలాబత్ జంగ్ హైదరాబాదు నిజాం గద్దె ఎక్కాడు. ఆ ఫ్రెంచి పటాలం జీతాలకని 1753లో ఉత్తర సర్కారులను రాసిచ్చాడు. పటాలం నడిచేది నేల మీదే. కానీ దానికి కావలసిన ఫ్రెంచి సైనికులు, మందుగుండు ఓడల్లో రావాలి. ఆ ఓడలు దిగే తీరాన్నే జీతం కింద ఇచ్చేశాడు. అసలు చిక్కు ఇక్కడుంది.

1758లో ఫ్రెంచి సర్వసేనాని లాలీ బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో, లాలీ ఎంత వారించినా వినకుండా, నౌకాధిపతి దాషే ఫ్రెంచి నౌకాదళాన్ని తీసుకుని మారిషస్ వెళ్లిపోయాడు. బుస్సీ లేని అదను చూసి విజయనగరం రాజు ఆనంద గజపతి ఇంగ్లీషువాళ్లకు కబురంపాడు. క్లైవు బెంగాలు నుంచి సేనాని ఫోర్డును ఓడల మీద విశాఖపట్నం పంపాడు. డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచివాళ్లు ఓడారు. 1759 ఏప్రిల్‌లో బందరు కోట పడింది. అప్పటికి సలాబత్ జంగ్ సైన్యంతో బెజవాడ దాకా వచ్చి ఉన్నాడు. ఫ్రెంచి సాయం తెచ్చిన ఓడలు కోట పోయిన వారానికి కనిపించాయి! మే నెలలో సలాబత్ జంగ్ బందరు, నిజాంపట్నం ప్రాంతాలను కంపెనీకి వదిలి, ఫ్రెంచివాళ్లను తన రాజ్యంలో ఉండనివ్వనని ఒడంబడిక రాశాడు. దీన్ని మిత్రద్రోహం అనడం తేలికే. కానీ లాలీకి మద్రాసు ముఖ్యం, దాషేకు తన ఓడలు ముఖ్యం. హైదరాబాదు ఇద్దరి లెక్కలోనూ వెనక వరసే.

గెలిచిన పక్షాన నిలిచిన విజయనగరానికీ ఒరిగిందేమీ లేదు. 1794లో పద్మనాభం దగ్గర అదే కంపెనీ సేన చేతిలో దాని రాజు చిన విజయరామరాజు చనిపోయాడు.

సలాబత్ జంగ్ సోదరుడు బసాలత్ జంగ్ ఆదవానిలో ఉండి కూడా గుంటూరు సర్కారులోని మోటుపల్లి రేవు గుండా ఫ్రెంచి సాయం తెప్పించుకున్నాడు. ఆ కిటికీ కూడా 1788లో మూసుకుపోయింది: గుంటూరు కంపెనీ పరమైంది. సలాబత్ జంగ్ తర్వాత గద్దెనెక్కి, తీరమంతా పోగొట్టుకున్న నిజాంకు ఇక ఎంచుకోవడానికి రెండో మిత్రుడు లేడు. 1798లో హైదరాబాదులోని ఫ్రెంచి దళాన్ని రద్దు చేశారు. 1800 అక్టోబరులో కంపెనీ సైన్యం ఖర్చు కింద మైసూరు యుద్ధాల్లో వచ్చిన సీమలన్నీ ఇచ్చేశాడు. అవే దత్త మండలాలు. కంభం, మార్కాపురం ప్రాంతాలు వాటితోపాటే వెళ్లాయి. సముద్రపు పోరు తీర్చిన లెక్కకు శిస్తు కట్టింది నల్లమల అంచు రైతు.

ఈ అనుభవాన్ని నేటి బంగాళాఖాతానికి యథాతథంగా అంటగట్టలేం. 2017లో శ్రీలంక హంబన్‌తోట రేవును చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకు ఇచ్చింది. 2022లో చైనా నౌక యువాన్ వాంగ్ 5 రాకపై భారత్ ఆందోళన తెలిపితే, కొలంబో ముందు వాయిదా వేయమన్నా చివరికి రానిచ్చింది. 2024లో మాత్రం విదేశీ పరిశోధక నౌకలన్నింటికీ ఏడాదిపాటు అనుమతి నిలిపేసింది. సలాబత్ జంగ్ ముందే వదులుకున్న అధికారం ఇదే: రేవు నిర్వహణ ఎవరిదైనా, ఏ నౌక రావాలో తేల్చే హక్కు కొలంబో దగ్గరే ఉంది.