పార పట్టిన చేతికి లైసెన్సు లేదు: పాలమూరు కూలి, యంత్రం, చట్టం

పాలమూరు చరిత్ర రాసినవాళ్ళు గద్వాల, వనపర్తి సంస్థానాల గురించి బాగానే రాశారు. కోట ఎవరు కట్టించారో, ఏ రాజు ఏ కవిని పోషించాడో, నిజాముకు పేష్కష్ ఎట్లా కట్టారో రాశారు. ఆ కోటకు రాయి మోసిన మనిషి మాత్రం ఆ పుస్తకాల్లో కనబడడు. తర్వాతి కాలంలో దేశమంతా తిరిగి డ్యాములు కట్టి, కాలువలు తవ్విన పాలమూరు లేబర్ గురించీ కొంత రాశారు. అదంతా ఎక్కువగా కరువు కథ, వలస కథ. ఆ కూలి చేతిలో ఏ పనిముట్టు వుంది, పక్కన ఏ యంత్రం తిరుగుతుంది, ఆ యంత్రం గురించి చట్టం ఏం చెప్పింది, ఆ చట్టం ఎవరి దాకా వచ్చి ఆగిపోయింది అనే ప్రశ్నలు వేసినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో మేము ఆ ప్రశ్నలే వేస్తున్నాం.

మా యింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి తరం మేము. మా తాత నాగర్‌కర్నూల్ పక్క పల్లె నుంచి గుంపు మేస్త్రీ వెంట కాలువ పనులకు పోయినవాడు. ఒక పనిలో బండకు తూటాలు వేశారు. ఒక తూటా పేలలేదు. పేలని తూటా వున్న సంగతి తెలియక, తెల్లారి అదే చోట సమ్మెట దెబ్బ పడింది. మా తాత కుడిచేతి రెండు వేళ్ళు పోయినయి. "మందు కాగితం కాంట్రాక్టర్ పేరు మీద వుంటది బిడ్డా, సమ్మెట మా చేతిల వుంటది" అనేవాడు. పేలని తూటా వున్న రంధ్రం జోలికి పోకూడదనేది పేలుడు పనికి తొలి పాఠం. ఆ పాఠం నేర్చుకున్నట్టు కాగితం వున్న మనిషి ఆ పొద్దు పని దగ్గర లేడు. మా తాత మాట మా పరిశోధనకు మొదటి ఆధారం.

1. గోడ లోపల, గోడ బయట

యంత్రాన్ని తనిఖీ చెయ్యాలి, నడిపేవాడికి అర్హత వుండాలి అనే ఆలోచన మన దేశంలో ఆవిరి బాయిలరుతో మొదలైంది. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి మనుషులు చచ్చిపోతే, 1864లో బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీకి చట్టం చేశారు. 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టం వచ్చింది. యంత్రశక్తితో, 100 మందికి తక్కువ కాకుండా పనిచేసే చోటుకే అది వర్తించింది. 1884లో పేలుడు పదార్థాల చట్టం, 1923లో దేశమంతటికీ ఒకే బాయిలర్ల చట్టం, అదే ఏడు పనిలో దెబ్బ తగిలిన కార్మికునికి నష్టపరిహార చట్టం వచ్చినయి. 1942 నుంచి 1946 దాకా బాబాసాహెబ్ అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో కార్మిక శాఖ చూశాడు. ఫ్యాక్టరీ పని వారానికి 48 గంటలు అనే సవరణ 1946లో వచ్చింది.

స్వాతంత్య్రం తర్వాత 1948 ఫ్యాక్టరీ చట్టం యింకా ముందుకు పోయింది. కరెంటుతో నడిచే చోట 10 మంది, కరెంటు లేని చోట 20 మంది వుంటే అది ఫ్యాక్టరీ. తిరిగే చక్రానికి కంచె వుండాలి. బరువులెత్తే క్రేన్‌ను, గొలుసును 12 నెలలకు ఒకసారన్నా అర్హుడైన మనిషి పరీక్షించాలి.

మంచి చట్టమే. కానీ దానికి ఒక గోడ వుంది. ఫ్యాక్టరీ గోడ లోపల తిరిగే చక్రానికే కంచె. అదే క్రేన్ డ్యాము కట్ట మీద నిలబడితే ఈ చట్టం దాన్ని ముట్టుకోదు. కట్టుబడి పనుల్లో కూలీల భద్రత కోసం దేశమంతటికీ ప్రత్యేకమైన చట్టం వచ్చింది 1996లో. దాని కింద కేంద్ర నియమాలు 1998లో వచ్చినయి. అంటే మధ్యలో 48 ఏళ్ళు. ఆ 48 ఏళ్ళలో ఏం జరిగిందో చూడండి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్ళొదిలారు. శ్రీశైలం డ్యాము కట్టారు. 1981లో గద్వాల పక్కన జూరాల మొదలై 1995లో ప్రారంభమైంది. పాలమూరు కూలి గడ్డపారతో, తట్టతో, సమ్మెటతో దేశాన్ని కట్టిన కాలమూ, చట్టం ఆ పని దిక్కు చూడని కాలమూ ఒక్కటే.

ఇది యాదృచ్ఛికమా? మేము అట్లా అనుకోవడం లేదు. గోడ లోపల పనిని పరిశ్రమ అన్నారు. గోడ బయట మట్టి పని, రాతి పని, బావి పని, పొలం పని చేసేది మాదిగ, మాల, బోయ, వడ్డెర కులాలు. అది వాళ్ళు తరతరాలుగా చేసే పనే కదా, దానికి శిక్షణ ఎందుకు, తనిఖీ ఎందుకు అనే చూపు అధికారుల్లో వుంది, మేధావుల్లో వుంది, చాలాకాలం కార్మిక సంఘాల్లోనూ వుంది. బండ పగలగొట్టడం ఎంత నేర్పుతో కూడిన పనో, ఎంత ప్రమాదమో కులం కళ్ళద్దాల్లోంచి కనబడలేదు.

గోడ దాటిన చట్టం ఒకటి లేకపోలేదు. హరిత విప్లవం వచ్చిన పంజాబ్, హర్యానాల్లో నూర్పిడి మిషన్లు కూలీల చేతులు తెంపినయి. దాని తర్వాత 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేశారు. నూర్పిడి మిషన్ తయారుచేసేవాడికి, అమ్మేవాడికి లైసెన్సు వుండాలి, మిషన్‌లో చెయ్యి పోయిన కూలికి పరిహారం ఇవ్వాలి అని అందులో వుంది. గద్వాల, వనపర్తి ప్రాంతాలు పల్లికాయ పండే నేల. ఇక్కడ కల్లాల్లో మిషన్ నోట్లో కట్టలు పెట్టే ఆడకూలీల్లో ఈ చట్టం పేరు విన్న మనిషి మాకు ఒక్కరూ తగల్లేదు. చెయ్యి పోతే పంచాయితీ పెడతారు, ఎంతో కొంత ఇప్పిస్తారు, అంతే.

2. మనుషుల్ని తోలుకపోయే లైసెన్సు

యంత్రానికి లైసెన్సు లేని ఈ పనుల్లో లైసెన్సు అసలే లేదని కాదు. 1970 కాంట్రాక్టు లేబర్ చట్టం ప్రకారం 20 మందిని గానీ అంతకు ఎక్కువ మందిని గానీ కూలీలుగా పెట్టుకునే కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకోవాల్సి వుండె. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. ఒరిస్సా దాదన్ కూలీల బాధలు దాని వెనక వున్నయి. వేరే రాష్ట్రం నుంచి అయిదుగురిని తెచ్చుకున్నా లైసెన్సు కావాలి, ప్రతి కూలికీ ఫోటో అంటించిన పాసుపుస్తకం ఇవ్వాలి అని రాశారు.

కానీ పాలమూరులో పని నడిచింది మేస్త్రీల మీద. కంపెనీ కింద సబ్ కాంట్రాక్టర్, ఆయన కింద పెద్ద మేస్త్రీ, ఆయన కింద గుంపు మేస్త్రీ. గుంపు మేస్త్రీ చాలాసార్లు కూలీల కులం మనిషే, అదే వాడ మనిషే. అడ్వాన్సు ఇచ్చి లారీ ఎక్కించేది ఆయన. లైసెన్సు పైనున్న మనిషి జేబులో వుంటది. ప్రమాదం జరిగినప్పుడు కూలి కుటుంబం పట్టుకునేది గుంపు మేస్త్రీ గల్లా. తప్పు కులం లోపలే తిరుగుతుంది, పైకి పోదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చిన తర్వాత కూడా అడ్వాన్సు అప్పుతో మనిషిని కట్టేసే పద్ధతి నిలబడింది. దానికి కారణాల్లో ఈ నిచ్చెన ఒకటి.

3. యంత్రం వచ్చింది, సీటు రాలేదు

తర్వాత మట్టి పనికి ప్రొక్లెయినర్లు వచ్చినయి, టిప్పర్లు వచ్చినయి. వంద మంది తట్టలు మోసిన చోట ఒక మిషన్ చాలు. తట్ట మోసినవాళ్ళలో కొందరు ఆ మిషన్ సీటు ఎక్కగలిగితే కథ వేరే వుండేది. మరి ఎవరు ఎక్కారు?

వనపర్తి రాజుగారి భవనంలో 1959లోనే పాలిటెక్నిక్ పెట్టారు. యంత్రవిద్య మన జిల్లాకు అంత తొందరగా వచ్చింది. అయితే అందులో చేరాలంటే బడి చదువు పూర్తికావాలి. బడి ఈడు పిల్లలు అమ్మానాన్నల వెంట డ్యాము పనుల దగ్గర గుడిసెల్లో వుండిరి. రిజర్వేషన్ సీటుండి కూడా దాని దాకా పోయే మెట్లు లేకుండె.

ఇంకో ఉదాహరణ. టిప్పరు, లారీ వంటి రవాణా వాహనం నడిపే లైసెన్సుకు ఎనిమిదో తరగతి పాసై వుండాలని మోటారు వాహనాల నియమాల్లో నిబంధన వుండేది. బండి నడపడం బాగా వచ్చి, అక్షరం రానివాడు క్లీనర్‌గానే వుండాలి. హర్యానాలోని మేవాత్ ప్రాంతంలో పేదలకు బతుకుతెరువు పోతుందని ఆ రాష్ట్ర ప్రభుత్వం అడిగినాక, 2019లో కేంద్రం ఆ నిబంధన తీసేసింది. పాలమూరులోనూ అదే గోస. ఈ నిబంధన ఎంతమంది ప్రాణాలు కాపాడిందో లెక్క చూపినవాళ్ళు లేరు. మా వాడల్లో ఎవరెవరికి సీటు అందకుండా పోయిందో మేము పేర్లతో చెప్పగలం.

ఇక్కడ మా వాదన సూటిగా చెప్తాం. లైసెన్సు రెండు పనులు చేస్తుంది. తెలియని చేతి నుంచి యంత్రాన్ని కాపాడి ప్రాణం నిలబెడుతుంది. అదే సమయంలో తలుపు దగ్గర నిలబడి లోపలికి ఎవరు రావాలో తేలుస్తుంది. దళితుల విషయంలో రెండో పని చురుగ్గా జరిగింది, మొదటి పని జరగలేదు. యంత్రం నడిపే హక్కు రాలేదు. యంత్రం నుంచి రక్షణా రాలేదు.

4. దోమలపెంట

2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడగొట్టి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు చేశారు. కొత్త నాగర్‌కర్నూల్ జిల్లాలో జరిగిన మూడు ప్రమాదాలు చూద్దాం. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. 2022 జులై చివర్లో కొల్లాపూర్ మండలం రేగుమానుగడ్డ దగ్గర, పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనిలో క్రేన్ తీగ తెగి అయిదుగురు చనిపోయారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు. మార్చి 9న ఒక శవం, మార్చి 25న ఇంకో శవం బయటికి తీశారు.

ఈ సొరంగం పొడవు దాదాపు 44 కిలోమీటర్లు. పని 2005లో అప్పగించారు. పైన పులుల అడవి వుంది కాబట్టి మధ్యలో ఎక్కడా దారి తవ్వకుండా, రెండు చివర్ల నుంచి బోరింగ్ మిషన్లతో తొలిచారు. కూలిన చోటు లోపలికి 14 కిలోమీటర్ల దగ్గర. పోయిన దారి తప్ప వచ్చే దారి ఇంకోటి లేదు. చిక్కుకున్నవాళ్ళలో ఇంజనీర్లున్నారు, మిషన్ ఆపరేటర్లున్నారు, జార్ఖండ్ నుంచి వచ్చిన నలుగురు కూలీలున్నారు. సైన్యం, నౌకాదళం, సింగరేణి రక్షణ సిబ్బంది దిగారు. చివరికి ఉత్తరాది నుంచి ర్యాట్ హోల్ మైనర్లను పిలిపించారు. పెద్ద యంత్రం చేతులెత్తేసిన చోట మళ్ళీ చేతితో తవ్వే మనిషి గుర్తొచ్చాడు.

సాగర్‌కు నాడు మా తాతలు పోయారు. దోమలపెంటకు నేడు జార్ఖండ్ వాళ్ళు వచ్చారు. పాలమూరు కూలిని పంపిన నేల మాత్రమే కాదు, ఇప్పుడు కూలిని తెచ్చుకునే నేల కూడా. మన నీళ్ళ కోసం చనిపోయిన పరాయి కూలి కోసం మనం ఏం అడిగాం అనేది పాలమూరు ఉద్యమాలు తమను తాము వేసుకోవలసిన ప్రశ్న.

5. ఇప్పుడు

2020లో చేసిన వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ చట్టం, కాంట్రాక్టు లేబర్ చట్టం, వలస కార్మికుల చట్టం, కట్టుబడి కార్మికుల చట్టం అన్నీ అందులో కలిసినయి. కరెంటుతో నడిచే ఫ్యాక్టరీకి లెక్క 10 నుంచి 20కి పెరిగింది. కాంట్రాక్టర్ లైసెన్సుకు లెక్క 20 నుంచి 50కి పెరిగింది. వలస కార్మికులకు 5 నుంచి 10కి పెరిగింది. ఇన్‌స్పెక్టరు పేరుకు ఫెసిలిటేటర్ తోకగా చేరింది. ఎన్నడూ గోడ లోపలికి రాని కులాలకు, ఆ గోడ ఇంకో నాలుగడుగులు దూరం జరిగింది.

కొందరు మిత్రులు లైసెన్సు అంటేనే లంచమని, అది పోతే పేదలకు మేలని అంటున్నారు. మేము ఒప్పుకోం. తలుపు తీసెయ్యమని మా తాత అడగలేదు. పేలని తూటా సంగతి చెప్పే మనిషి పక్కన వుండాలని అడిగాడు. శిక్షణ, పరీక్ష, సర్టిఫికెట్ ప్రభుత్వం ఉచితంగా, తెలుగులో, పని దగ్గరే ఇవ్వాలి. అక్షరం రానివాడికి చేతిపనిలో పరీక్ష పెట్టాలి. మిషన్ పక్కన నిలబడే హెల్పరుకు కూడా ఆపరేటరుతో పాటు శిక్షణ వుండాలి. ప్రమాదాల రిజిస్టరులో కులం రాయాలి. ఆ ఒక్క గడి నింపితే మేము ఇంత పొడుగు వ్యాసం రాయాల్సిన పని వుండదు.

ఇది చదివే విద్యార్థులకు, టీచర్లకు, సంఘాల మిత్రులకు మా విన్నపం ఒకటే. మీ వాడలో వేళ్ళు పోయినవాళ్ళు, కన్ను పోయినవాళ్ళు వున్నారు. ఏ ఏడు, ఏ పని, ఏ మిషన్, మేస్త్రీ ఎవరు, ఏమిచ్చారు అని కూర్చుని రాసుకోండి. ఆ తరం వెళ్ళిపోతున్నది. పాలమూరు చరిత్రలో రాజుల అధ్యాయం తర్వాత రావలసిన అధ్యాయం వాళ్ళ దగ్గర వుంది.