చక్రాలెక్కిన మందుల అర

1889లో హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ దొర మత్తుమందు క్లోరోఫామ్ మీద రెండో విచారణ కమిషన్ నడిపించాడు. ఖర్చు నిజాముది. లండన్ నుంచి లాన్సెట్ పత్రిక తన తరఫున ఓ నిపుణుణ్ని కూడా పంపింది. అంత హంగామా జరిగినా, ఆ రోజుల్లో మత్తు ఇవ్వడానికి కావలసిన సరంజామా ఒక సీసా, ఒక గుడ్డ. జేబులో పెట్టుకుని తిరగొచ్చు.

1917లో లండన్ డాక్టరు హెన్రీ బాయిల్ నైట్రస్ ఆక్సైడ్, ఆక్సిజన్, ఈథర్ కలిపి ఇచ్చే యంత్రం తెచ్చాక జేబు చాలలేదు. ఇనుప సిలిండర్లను ఎవరు మోస్తారు? రాను రాను ఆ యంత్రం చక్రాలెక్కింది. కొత్త మోడళ్లు ఎన్ని వచ్చినా మన ఆపరేషన్ థియేటర్లలో దాన్ని బాయిల్స్ మెషీన్ అనడం పోలేదు.

వార్డుల్లో తిరిగే ట్రాలీలది ఇంత చరిత్ర కాదు. డ్రెస్సింగ్ ట్రాలీకి రెండు స్టీలు అరలుంటాయి. శుభ్రం చేసిన సామాను పైన, తీసేసిన కట్లు కింద. ఈ పైనా కిందా తేడా తప్పితే ఒకరి పుండులోని చీము ఇంకొకరికి అంటుకుంటుంది. మందుల ట్రాలీకి తాళం ఉంటుంది, పెద్ద ఆసుపత్రుల్లో రోగికో సొరుగు.

అసలు కథ క్రాష్ కార్ట్‌ది. ఆగిన గుండెను నడిపించాలంటే ఒకప్పుడు రొమ్ము కోసి చేత్తో పిసకాల్సిందే. రొమ్ము మీద అరచేతులతో నొక్కితే చాలునని 1960లో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు చూపించారు. దాంతో ఏ మంచం దగ్గరైనా ప్రాణం నిలబెట్టే వీలొచ్చింది గానీ, సూది ఒక గదిలో, గొట్టం ఇంకో గదిలో, షాక్ ఇచ్చే పెట్టె మరో అంతస్తులో! 1962లో కాన్సాస్ సిటీలోని బెతనీ ఆసుపత్రి ఇవన్నీ ఒకే బండిలోకి చేర్చింది. అదే క్రాష్ కార్ట్. కొన్నేళ్లకు బఫెలో నగరంలో అనితా డార్ అనే నర్సు ఇంటి దగ్గరే చెక్కతో నమూనా బండి చేయించి ఎర్ర రంగు వేయించింది. డాక్టర్ల పేర్లు పుస్తకాలకెక్కాయి గానీ, ఏ వస్తువు ఏ సొరుగులో ఉండాలో తెలిసింది నర్సులకే అని నా నమ్మకం.

ఇప్పటి బండి తెరిచి చూస్తే పై సొరుగులో అడ్రినలిన్, ఆట్రోపిన్. తర్వాత లారింగోస్కోపు, శ్వాసగొట్టాలు. ఆ కింద క్యాన్యులాలు, అడుగున సెలైన్ సీసాలు. పక్కన ఆక్సిజన్ సిలిండరు, వెనక రోగి వీపు కింద పెట్టే పలక. సొరుగులన్నిటికీ కలిపి నెంబరున్న ప్లాస్టిక్ సీలు. అది తెగి ఉందంటే లోపల ఏదో ఖర్చయిందన్నమాట. వెంటనే లెక్క చూసి నింపాలి.

మరి నెల్లూరు జిల్లా చేజర్ల లాంటి మండలాల్లో? నున్నటి గచ్చు, లిఫ్టు ఉన్నచోట బండి దొర్లుతుంది. ఒకటి రెండు గదుల పీహెచ్‌సీలో దాని పని ఎమర్జెన్సీ ట్రే చేస్తుంది. పొలంలో పాము కాటేసిన మనిషిని మోటార్ సైకిల్ మీద మధ్యలో కూర్చోబెట్టి తెస్తారు. విషం విరుగుడు మందు ఎక్కించేటప్పుడు ఆ మందే వికటించవచ్చు: ఒళ్లంతా దద్దుర్లు, బీపీ పడిపోవడం, ఊపిరాడకపోవడం. అందుకే మందు మొదలుపెట్టక ముందే అడ్రినలిన్ సిరంజిలోకి ఎక్కించి పక్కన పెట్టుకోవాలి. ఆంప్యూలు కోసం బీరువా తాళం వెతికే వ్యవధి ఉండదు. నెల్లూరు పెద్దాసుపత్రికి చేరాలంటే గంటకు పైగా ప్రయాణం మరి.

చక్రాల పని మాత్రం ఇక్కడ రోడ్డు మీదికి వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ అంటే ఓ రకంగా ఇంజను తగిలించిన క్రాష్ కార్టే. ఆ తర్వాత వచ్చిన 104 మందుల ట్రాలీ లాంటిది. వార్డుల బదులు ఊళ్లు తిరిగి బీపీ, షుగరు చూసి నెలకు సరిపడా మాత్రలిస్తుంది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో రెండూ కలిపి వెయ్యికి పైగా వాహనాలకు ఒకేసారి జెండా ఊపారు. 2023 ఏప్రిల్‌లో ఫ్యామిలీ డాక్టర్ పథకం వచ్చాక పీహెచ్‌సీ డాక్టరు కూడా ఆ 104లోనే ఊళ్లోకి వెళ్లడం మొదలైంది. మీ ఊరికి బండి ఏ తేదీన వస్తుందో ఆశా కార్యకర్తను అడిగితే చెబుతుంది.