పదకొండు, ఏడు

క్రికెట్‌లో లాగే బేస్‌బాల్‌లోనూ బంతి వేసేవాడికే పేరొస్తుంది. 1957 ఆగస్టు 23న అమెరికాలోని విలియమ్స్‌పోర్ట్‌లో పిల్లల లిటిల్ లీగ్ ప్రపంచ సిరీస్ ఫైనల్ జరిగింది. మెక్సికోలోని మాంటెర్రే పిల్లలు, తమకన్నా పెద్ద ఒళ్లున్న కాలిఫోర్నియా లా మెసా జట్టుతో ఆడారు. పన్నెండేళ్ల ఏంజెల్ మాసియాస్ బంతి వేశాడు. ఆరు ఇన్నింగ్స్‌లో 18 సార్లు బ్యాటర్ వచ్చాడు, 18 సార్లూ ఔటే! ఒక్కరూ మొదటి బేస్ చేరలేదు. మాంటెర్రే 4-0తో గెలిచింది. అమెరికా బయటి జట్టు గెలవడం అదే మొదటిసారి.

అందరూ ఏంజెల్‌నే మెచ్చుకుంటారు. కానీ లెక్క చూడండి. మూడు స్ట్రైక్‌లతో అతను ఔట్ చేసింది 11 సార్లే. మిగతా 7 సార్లు బంతి మైదానంలోకి వచ్చింది. అప్పుడు ఒక్క చెయ్యి తడబడి బ్యాటర్ బేస్ చేరినా ఆ రికార్డు లేదు. చరిత్రలో పేరు ఒకరిదే ఉండొచ్చు, గెలుపు మాత్రం అందరిదీ.