గురజాలకు వచ్చిన హయ్యరు దొరగారు

పలనాటి చరిత్ర మనగానే బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మ, కోడిపందెము మనకు జ్ఞప్తికి వచ్చును. నలగామరాజు ఏలిన ఆ గురజాలలోనే 1849లో, 55 ఏండ్లు దాటిన విదేశీయుడొకడు వచ్చి నివసించిన సంగతి మాత్రము మనలో పలువురెరుగరు. ఆయనయే జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు.

1793లో జర్మనీలో పుట్టి, పిన్ననాడే అమెరికా చేరి, అచ్చట లూథరన్ బోధకుడయ్యెను. 1839లో భార్య గతించెను. 1842 జూలై 31న గుంటూరు చేరగా కలెక్టరు స్టోక్సు ఆదరించెను. 1832-33 నాటి నందన కరవు ఆ సీమను పాడుచేసి అప్పటికి పదేండ్లయినను నిండలేదు.

నడుమ స్వదేశమునకు మరలినవాడు ఊరక కూర్చుండక బాల్టిమోరులో వైద్యము చదివి 1847లో పట్టము పుచ్చుకొనెను. ఏబది దాటిన పిమ్మట పిల్లవానివలె పాఠములు చదువుట సామాన్యమా? వైద్యులు కరవైన ఆనాటి మన పల్లెలలో అట్టి విద్య యెంత అక్కరయో చెప్పనేల? మరల వచ్చి, గుంటూరుతో తృప్తి చెందక, మండుటెండల రాతిసీమయైన పలనాటి నెన్నుకొనుట గమనింపదగినది.

1857లో ఇండియా విడిచెను. 1869లో రాజమండ్రి మిషనును అమెరికావారు ఇంగ్లండు సంఘమున కప్పగింప నెంచగా, పెన్సిల్వేనియా సభలో ఈ వృద్ధుడు లేచి, తానే పోయెదననెను. మనుమల నాడించుచు విశ్రమింపవలసిన 76 ఏండ్ల ప్రాయమున మూడవమారు సముద్రము దాటెను. మిషను చేజారలేదు.

1873 నవంబరులో ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను. 1842లో ఆయన గుంటూరున నెలకొల్పిన పాఠశాలయే పెరిగి 1885లో కళాశాలయయ్యెను. ఆంధ్ర క్రైస్తవ కళాశాలయని పేరొందిన ఆ విద్యాలయమున పలనాటి బిడ్డలెందరో చదువుకొనిరి.