వాసన తెలిసినా మనసు తెలియదు

నగరమంతటా చిన్న చిన్న సెన్సర్లు అమర్చి, వాటిని వైర్‌లెస్‌తో కలిపి, దాచిన బాంబును పేలకముందే పసిగట్టవచ్చునన్న ఆశ ఈ శతాబ్దపు తొలి దశకంలో బలంగా ఉండేది. ఆ ఆశకు బీజం మాత్రం నగరంలో కాక లావోస్ అడవుల్లో పడింది.

వియత్నాం యుద్ధకాలంలో, 1967 చివర, అమెరికా సైన్యం ‘ఇగ్లూ వైట్’ పథకాన్ని ఆరంభించింది. హో చి మిన్ బాటపై విమానాల నుంచి వేలాది సెన్సర్లను జారవిడిచారు. కొన్ని నేల అదురును, కొన్ని చప్పుడును పట్టి, పైన తిరిగే విమానం ద్వారా థాయిలాండ్‌లోని నఖోన్ ఫనోమ్ కంప్యూటర్లకు కబురు పంపేవి. అదే యుద్ధంలో హెలికాప్టరుకు అమర్చిన మరో యంత్రం మనిషి ఒంటి నుంచి వెలువడే అమ్మోనియాను వాసన పట్టేది. దాన్ని బోల్తా కొట్టించడానికి ఎదుటి పక్షంవారు మూత్రం నింపిన బకెట్లను చెట్లకు వేలాడదీసేవారని చెబుతారు. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఆలోచింపజేసిన ఘట్టమిదే. యంత్రం పొరబడలేదు. అమ్మోనియా అక్కడ నిజంగానే ఉంది. లేనిది మనిషే.

1990ల చివర బర్క్‌లీలో క్రిస్టఫర్ పిస్టర్, ధూళికణమంతటి సెన్సర్లు తమలో తాము మాట్లాడుకునే ‘స్మార్ట్ డస్ట్’ను ఊహించాడు. 1998లో ఎం.ఐ.టి.లో తిమోతీ స్వేగర్ బృందం, టి.ఎన్.టి. ఆవిరి సోకగానే వెలుగు తగ్గే పాలిమర్‌ను ప్రకటించింది. అయితే మామూలు వేడిమిలో టి.ఎన్.టి. నుంచి వెలువడే ఆవిరి, గాలిలో వందకోట్ల వంతులకు కొద్ది వంతులే. ఆర్.డి.ఎక్స్. ఆవిరి అంతకన్నా ఎన్నో రెట్లు తక్కువ. గట్టిగా చుట్టిన సంచిలో, గాలి వీచే వీధిలో దాన్ని పట్టడం మరీ కష్టం.

2007 ఆగస్టు 25న హైదరాబాదు లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో 42 మందిని బలిగొన్న బాంబుల్లో వాడినది అమ్మోనియం నైట్రేట్ ఆధారిత పేలుడు పదార్థం. రాతి క్వారీల్లో నిత్యం వాడేదీ ఆ కోవకు చెందినదే. లక్ష సంచులను పరీక్షించే యంత్రం వెయ్యికి ఒక్కసారే పొరబడినా, వంద తప్పుడు గంటలు మోగుతాయి. క్వారీ కూలీ చొక్కాకు మోగే గంట తప్పుడు గంట కూడా కాదు, పదార్థం అక్కడ ఉన్నదే. కానీ నిలబెట్టి ప్రశ్నించేది ఆ కూలీనే కదా!

2012లో కేంద్రం అమ్మోనియం నైట్రేట్ తయారీకి, నిల్వకు, అమ్మకానికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది. ఆ తరువాత కూడా, 2013 ఫిబ్రవరి 21న, దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబులు పేలాయి. కనుక చట్టమూ సర్వరోగనివారిణి కాదు. అయినా గోదాములో లెక్క తగ్గితే జవాబు చెప్పవలసినవాడు ఒకడుంటాడు. సెన్సర్లు వద్దని నేననను. వాటికి వెచ్చించే శ్రద్ధలో సగమైనా ఆ గోదాము చిట్టాపై పెట్టాలంటాను.