దొంగకు కన్నం, మనకు తాళం: తాళం విప్పే విద్య కథ

ఇవాళ్టి ఎపిసోడ్ మన ఇబ్రహీంపట్నం నుంచే మొదలుపెడదాం. సాగర్ రోడ్డు పొడుగూతా ఇంజనీరింగ్ కాలేజీలు, వాటి చుట్టూ హాస్టళ్ళు, అద్దె గదులు. రూమ్ తాళం చెవి పోతే మనోళ్ళు ఏం చేస్తారు? రాయి తెచ్చి తాళం కప్పను పగలగొడతారు. మొన్న ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, పగలగొట్టకుండా తాళం తీయడం నేర్చుకోవాలని ఉంది. కానీ అది దొంగల విద్య కదా, తప్పేమో?"

మంచి ప్రశ్న. దీనికి జవాబు చరిత్రలోనే ఉంది.

ముందు మన భాషనే చూడండి. ఇల్లు దోచుకోవడాన్ని తెలుగులో ఏమంటాం? "కన్నం వేయడం" అంటాం. దొంగను "కన్నపు దొంగ" అంటాం. తాళం మాటే లేదు! ఎందుకంటే మట్టిగోడల రోజుల్లో తలుపు కంటే గోడే బలహీనం. శూద్రకుడి మృచ్ఛకటికంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటికి కన్నమే వేస్తాడు. కొలతాడు మర్చిపోయి వస్తే జంధ్యంతో కొలుస్తాడు. బిగించిన తలుపు తీయడానికి కూడా జంధ్యం పనికొస్తుందని చెప్తాడు గానీ, లోపలికి పోయేది మాత్రం గోడలోంచే. దండి రాసిన దశకుమారచరితంలో అపహారవర్మ దగ్గర పెద్ద కిట్టే ఉంటుంది: తవ్వే పరికరం, పట్టకారు, కొలతాడు, మనిషి తల బొమ్మ, దీపం ఆర్పే పురుగుల పెట్టె. ఈ కథను 13వ శతాబ్దంలో కేతన తెలుగులోకి తెచ్చి తిక్కనకు అంకితం ఇచ్చాడు. అంటే దొంగకు తాళంతో కుస్తీ పట్టేంత ఓపిక అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. వాడు దగ్గర దారే చూసుకుంటాడు.

మరి ఓపిగ్గా తాళంతో కూర్చున్నదెవరు? దానికి లండన్ పోవాలి.

అక్కడ జోసెఫ్ బ్రామా అనే ఆయన 1784లో ఒక తాళానికి పేటెంట్ తీసుకున్నాడు. తర్వాత ఆయన షాపు కిటికీలో ఒక తాళం పెట్టి సవాల్ రాశారు: దీన్ని తీసే పరికరం చేసినవాళ్ళకు 200 గినీలు. అరవై ఏళ్ళకు పైగా ఎవ్వరూ తీయలేకపోయారు. 1851లో లండన్ మహా ప్రదర్శనకు అమెరికా నుంచి ఆల్ఫ్రెడ్ హాబ్స్ వచ్చాడు. ఆయన కూడా తాళాలు చేసేవాడే, దొంగ కాదు. ముందు చబ్ కంపెనీ పేరుమోసిన డిటెక్టర్ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తర్వాత బ్రామా తాళం మీద కూర్చున్నాడు. 16 రోజుల్లో మొత్తం 51 గంటల పని. చివరికి తీశాడు!

ఊరంతా గోల. "ఇలా బయటపెడితే దొంగలకు నేర్పినట్టు కాదా?" అన్నారు. అటువైపు వాళ్ళ జవాబు ఒక్కటే: దొంగలకు ఈ లోపాలు ముందే తెలుసు, తెలియనిది తాళం కొనే అమాయకుడికే. ఆ గొడవ తర్వాత తాళాల కంపెనీలు తమ డిజైన్లు మార్చుకోక తప్పలేదు.

సరే, అసలు తాళం ఎలా తెరుచుకుంటుంది? ఈజిప్టులో వేల ఏళ్ళ కిందటి చెక్క తాళాల్లో ఉన్న ఉపాయాన్నే లైనస్ యేల్ 1861లో చిన్న లోహపు తాళంలోకి తెచ్చాడు. దాన్నే పిన్ టంబ్లర్ అంటారు. లోపల తిరిగే గుండ్రటి ముక్క ఒకటి ఉంటుంది. దాని పైన వరుసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రంలో కింద ఒక పిన్ను, పైన ఒక పిన్ను, వాటిని కిందికి నొక్కే స్ప్రింగు. తాళం వేసి ఉన్నప్పుడు పై పిన్ను సగం లోపలి ముక్కలో, సగం బయటి గోడలో ఇరుక్కుని ఉంటుంది. అందుకే తిరగదు. సరైన తాళం చెవి పెడితే ప్రతి జతనూ సరిగ్గా కావాల్సినంతే లేపుతుంది. రెండు పిన్నుల మధ్య సందు, ఆ ముక్క అంచు ఒకే గీత మీదికి వస్తాయి. తిరుగుతుంది.

రంధ్రాలన్నీ ఒకే వరుసలో పక్కాగా ఉంటే చెవి లేకుండా తీయడం దాదాపు అసాధ్యం. కానీ ఏ మెషీనూ అంత పక్కాగా చేయలేదు, వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకే ఒక వంపు రేకుతో లోపలి ముక్కను చాలా మెల్లగా తిప్పుతూ పట్టుకుంటే, అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు. ఒక్కటే ముందు బిగుస్తుంది. సన్నటి కొక్కెంతో దాన్ని లేపితే చిన్నగా "టిక్" మంటుంది, ముక్క కొంచెం కదులుతుంది. అప్పుడు ఇంకోటి బిగుస్తుంది. అలా ఒక్కొక్కటి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, బలం ఎక్కువ పెట్టడం. ఇది బలం పని కాదు, చేతివేళ్ళతో వినే పని.

ఇంకో మాట. మన ఇళ్ళలో కనిపించే తాళం కప్పల్లో చాలావాటిలో పిన్నులు కాదు, లివర్లు ఉంటాయి. వాటి పద్ధతి వేరు. అందుకే నేర్చుకునేవాళ్ళు చిన్న పిన్ తాళం కప్పతోనే మొదలుపెట్టాలి.

జర్మనీలో 1997 నుంచి దీన్ని ఆటలా ఆడే క్లబ్ ఉంది, పోటీలు కూడా పెడతారు. ఈ హాబీవాళ్ళు ప్రపంచమంతా పాటించే నియమాలు రెండే. ఒకటి, నీది కాని తాళం ముట్టుకోవద్దు. రెండు, నీదే అయినా తలుపుకు వాడుకలో ఉన్న తాళం మీద ప్రాక్టీస్ వద్దు, పాడైతే బయటే పడుకోవాలి! ఇక చట్టం సంగతి. అక్రమంగా ఇంట్లోకి దూరడానికి తాళం తీస్తే, పగలగొట్టకపోయినా సరే, భారతీయ న్యాయ సంహిత 330వ సెక్షన్ దాన్ని కన్నం వేసినట్టే చూస్తుంది.

కాబట్టి తమ్ముడూ, విద్యలో తప్పు లేదు, ఎవరి తాళం అన్నదే ప్రశ్న. మన ఫోన్లలో లోపం వెతికి చెప్పినవాళ్ళకు కంపెనీలు ఇప్పుడు డబ్బులిస్తున్నాయి కదా? అది 200 గినీల సవాల్ లాంటిదే.

ఇవాళ రాత్రి ఒక పని చేయండి. మీ గది తాళం కాదు, ఆ తాళం వేలాడే గొళ్ళెం చూడండి. రెండు తుప్పు పట్టిన స్క్రూల మీద ఉందా? అయితే మీ గోడకు కన్నం అక్కడే ఉంది. ముందు దాన్ని బిగించండి. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.